ఇసుక నదిలో కాంక్రీట్ వంతెనకు స్టేజింగ్, సెంట్రింగ్ కట్టడం ఎలా?

నది మీద కాంక్రీట్ వంతెన కట్టేటప్పుడు, పోసిన కాంక్రీట్ తన బరువు తాను మోసుకునే స్థితికి వచ్చేదాకా దాన్ని మోసేవి కింద నిలబెట్టిన ఉక్కు పైపులు, మర తిప్పి ఎత్తు సరిచేసే జాకీలు (వీటిని స్టేజింగ్ అంటాం), వాటి మీది దూలాలు, పలకలు (ఇవి సెంట్రింగ్). నెల తిరిగేలోగా విప్పేసే సామానే కదా అని ఈ పనిని పూర్తిగా మేస్త్రీ అనుభవానికి వదిలేయడం చాలా సైట్లలో కనిపిస్తుంది. అది సరైన పద్ధతి కాదని నేను గట్టిగా నమ్ముతాను. వందల టన్నుల తడి కాంక్రీట్‌ను ఒక్క రాత్రిలో నెత్తికెత్తుకుని వారాల తరబడి కదలకుండా నిలవవలసిన కట్టడం అది. అసలు వంతెనకు ఉన్నట్లే దానికీ డ్రాయింగు, లెక్క, తనిఖీ, సంతకం ఉండాలి. రోడ్డు వంతెనల స్టేజింగ్, సెంట్రింగ్ కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐ.ఆర్.సి. 87, స్టేజింగ్ పనులన్నిటికీ వర్తించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 14687, కేంద్ర రహదారుల శాఖ స్పెసిఫికేషన్లలో సెంట్రింగ్‌కు సంబంధించిన 1500వ సెక్షన్ సైట్ ఆఫీసు బల్ల మీద ఉండాలి.

ఇక్కడ చెప్పేదంతా ఒక ఉదాహరణ చుట్టూ తిరుగుతుంది: మానేరు, మున్నేరు, కిన్నెరసాని వంటి ఇసుక పడక ఉన్న నది మీద 16 మీటర్ల స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం), మూడు గర్డర్లు (పొడవాటి కాంక్రీట్ దూలాలు), వాటిపై 24 సెంటీమీటర్ల డెక్ స్లాబ్ (బండ్లు నడిచే పైకప్పు), మొత్తం వెడల్పు 8.5 మీటర్లు, ఇసుక మట్టం నుంచి డెక్ అడుగు భాగం దాకా 7 మీటర్ల ఎత్తు. మీ వంతెన కొలతలు వేరైనా పని నడిచే క్రమం ఇదే.

మొదట తేదీలు లెక్కపెట్టండి

తెలుగు రాష్ట్రాలకు నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ మొదటి పక్షంలో వస్తాయి. జూన్ 10 నాటికి నదిలో మీ సామాను ఏదీ ఉండకూడదనుకుంటే, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. నదిలో వేసిన మట్టికట్టలు, గ్రావెల్ పడక తీయడానికి ఒక వారం, స్టేజింగ్ విప్పి ఒడ్డుకు చేర్చడానికి ఒక వారం, గర్డర్ల కింద సపోర్టులు ఉంచవలసిన 21 రోజులు తీసేస్తే, చివరి స్పాన్‌కు మే మొదటి వారం లోపల కాంక్రీట్ పడాలి. ఆ తేదీ దాటేలా ఉంటే ఆ స్పాన్‌ను తర్వాతి సీజన్‌కు వాయిదా వేయడమే మంచిది. బిల్లు కోసం తొందరపడి మే చివరలో పోసిన స్పాన్ కింద స్టేజింగ్ వరదకు దొరికితే, సామానుతోపాటు పచ్చి కాంక్రీట్ కూడా పోతుంది. కోస్తా జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు కూడా ఉంటాయి కనుక, అక్కడ నదిలోకి దిగడాన్ని మరికాస్త ఆలస్యం చేయవలసి వస్తుంది.

పైన జలాశయం ఉంటే ఎండాకాలం కూడా నమ్మదగింది కాదు. రబీ ఆయకట్టుకో, తాగునీటి అవసరానికో గేట్లు ఎత్తితే పొడిగా ఉన్న ఇసుకలోకి కొన్ని గంటల్లో నీరు వస్తుంది. నీటిపారుదల శాఖ కార్యాలయానికి మీ పని తేదీలు రాతపూర్వకంగా తెలియజేసి, నీరు వదిలే ముందు మీకు సమాచారం వచ్చే ఏర్పాటు చేసుకోండి. గేట్ల దగ్గర పనిచేసే సిబ్బంది ఫోన్ నంబరు సైట్ ఆఫీసు గోడ మీద రాసి ఉండాలి.

ఎండాకాలంలోనూ మోకాలి లోతు దాటి పారే పాయ ఒకటి స్పాన్ కింద ఉంటే, దాన్ని పూడ్చి పైపులు నిలబెట్టాలని చూడకండి. పాయకు రెండు వైపులా గట్టి ట్రెస్టిళ్ళు (కాళ్ళున్న చట్రాలు) కట్టి, వాటి మీద ఉక్కు జాయిస్టులు (దూలాలు) అడ్డంగా పరచి, ఆ జాయిస్టుల మీద నుంచి స్టేజింగ్ లేపండి. ఖర్చు ఎక్కువైనట్లు కనిపిస్తుంది కానీ నీటి దారి తెరిచి ఉంచినందువల్ల మిగిలే నిశ్చింత దానికి మించినది. నీరు ఎప్పటికీ తగ్గని నదుల్లో పియర్ (వంతెన స్తంభం) నుంచే బ్రాకెట్లు తీసి దూలాలు వేయడమో, ఒడ్డున పోసిన గర్డర్లను క్రేన్లతోనో లాంచింగ్ గర్డర్‌తోనో ఎక్కించడమో చేయాలి.

నేలను పరీక్షించి సిద్ధం చేయండి

ఈ మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం కేటాయించమని చెప్పేది ఈ దశకే. పైకి చదునుగా కనిపించే ఇసుకలో రెండు రకాల ఉచ్చులుంటాయి. మొదటిది, ఇసుక తవ్వకాల గోతులు. లారీలు ఇసుక ఎత్తుకెళ్ళిన గోతులను తర్వాతి వరద ఒండ్రుతో నింపి పైన పలుచగా ఇసుక పరచిపోతుంది. కంటికి తేడా తెలియదు. రెండోది మన చేతులారా చేసుకున్నదే: పియర్ పునాది కోసం తవ్వి, తర్వాత వదులుగా పూడ్చిన చోటు. స్టేజింగ్‌లో మొదటి వరుస పైపులు సరిగ్గా ఆ పూడిక మీదే నిలబడతాయి.

రెండు మీటర్ల పొడవున్న 16 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ తీసుకుని, స్పాన్ కింద నేలంతటా రెండు మీటర్లకొక చోట నిలువుగా గుచ్చించండి. గట్టి ఇసుకలో ఆ కడ్డీ సుత్తి దెబ్బ పడితే తప్ప దిగదు; ఒండ్రు గోతిలో ఒక మనిషి చేతి బలానికే సగానికి పైగా జారిపోతుంది, పైకి లాగితే కొన మీద నల్లటి బురద అంటుకుని వస్తుంది. అలాంటి ప్రతి చోటా సున్నంతో గుర్తు పెట్టి, బురద అడుగుదాకా తవ్వి తీసేయించి, మంచి ఇసుకను 20 సెంటీమీటర్ల పొరలుగా వేస్తూ నీరు పట్టి ప్లేట్ వైబ్రేటర్‌తో కుదించండి. పియర్ చుట్టూ ఉన్న పూడికకు కూడా ఇదే పద్ధతి; వీలైతే మొదటి వరుసను ఆ పూడిక మీద కాకుండా నేరుగా పునాది కాంక్రీట్ మీదే నిలపండి. అయితే ఒక వరుస కాంక్రీట్ మీద, పక్క వరుస ఇసుక మీద ఉన్నప్పుడు ఇసుక మీది వరుసే కొద్దిగా దిగుతుంది. ఆ తేడా ఎంత ఉంటుందో ముందే లెక్కలోకి తీసుకోవాలి.

కుదించిన ఇసుక మీద 15 నుంచి 20 సెంటీమీటర్ల గ్రావెల్ పరచి రోలర్ తిప్పించాలి. పడక పైమట్టం అప్పటి నీటి మట్టానికి కనీసం అర మీటరు ఎత్తున ఉండాలి. ఎగువ అంచున ఇసుక బస్తాలు రెండు వరుసలు పేర్చండి, ఎందుకంటే నీరు మొదట కోసేది ఆ మూలనే. నదిని ఒడ్డు నుంచి ఒడ్డుకు మూసేయకండి. ఒకసారికి సగం నదిలో పనిచేసి, మిగతా సగాన్ని పారనివ్వండి. దారి ఇరుకైన కొద్దీ నీటి వేగం పెరిగి మీ పడక అడుగునే కోసేస్తుంది.

పైపు అడుగున బేస్ ప్లేటు సాధారణంగా 15 సెంటీమీటర్ల చదరం. దాన్ని నేరుగా నేల మీద పెడితే ఏమవుతుందో కింది లెక్క చూపిస్తుంది.

బరువు లెక్కించండి

ఇనుముతో కలిపి తడి కాంక్రీట్‌ను ఘనపు మీటరుకు 2,600 కిలోలుగా తీసుకోండి. 24 సెంటీమీటర్ల స్లాబ్ అంటే చదరపు మీటరుకు 624 కిలోలు. పనివాళ్ళు, వైబ్రేటర్లు, ఒకచోట కుప్పపడే కాంక్రీట్ కోసం 250 కిలోలు, పలకలు, దూలాల కోసం 60 కిలోలు కలిపితే 934 కిలోలు అవుతుంది. నిలువు పైపులు రెండు వైపులా 1.2 మీటర్ల దూరంలో ఉంటే ఒక్కొక్క పైపు మీద పడేది 1,345 కిలోలు.

గర్డర్ కింద చూద్దాం. 35 సెంటీమీటర్ల వెడల్పు, స్లాబ్‌తో కలిపి 1.6 మీటర్ల లోతు ఉన్న గర్డర్ మీటరుకు 1,456 కిలోలు. రెండు పక్కలా 30 సెంటీమీటర్ల స్లాబ్ కూడా అదే వరుసలు మోస్తాయి కనుక అదొక 374 కిలోలు, పని బరువు దాదాపు 240, సెంట్రింగ్ సుమారు 100; మొత్తం మీటరుకు 2,170 కిలోల చిల్లర. గర్డర్‌కు అటొకటి ఇటొకటిగా రెండు వరుసల పైపులు 90 సెంటీమీటర్లకొకటి వేస్తే పైపుకు 980 కిలోలు మించదు. గర్డర్ కింద బరువు ఎక్కువ కాబట్టి అందరి దృష్టీ అక్కడే ఉంటుంది, పైపులూ దగ్గరగా పడతాయి. ఎడం ఎక్కువ ఉన్న స్లాబ్ కింది పైపే నిజానికి ఎక్కువ మోస్తున్నదని చాలామంది గమనించరు. అందుకే ప్రతి వరుసకూ విడివిడిగా లెక్క వేయండి.

ఇప్పుడు ఆ 1,345 కిలోలు 15 సెంటీమీటర్ల బేస్ ప్లేటు ద్వారా నేల మీదికి దిగితే, చదరపు మీటరుకు దాదాపు 60 టన్నుల ఒత్తిడి. నీరు పట్టిన నది ఇసుక దాన్ని భరించలేదు, ప్లేటు దిగబడుతుంది. అదే ప్లేటు కింద 22.5 సెంటీమీటర్ల వెడల్పున్న గట్టి స్లీపరు (అడుగు దిమ్మ) వేసి బరువు 60 సెంటీమీటర్ల పొడవునా పరచుకునేలా చేస్తే ఒత్తిడి 10 టన్నులకు తగ్గుతుంది. బాగా కుదించిన గ్రావెల్ పడక దాన్ని తట్టుకుంటుంది. నాకు మాత్రం వరుస పొడవునా 10 సెంటీమీటర్ల మందం పి.సి.సి. (ఇనుము లేని కాంక్రీట్) పట్టీ పోసి, దాని మీద స్లీపరో ఛానలో వేయడమే ఇష్టం. వాన పడినా కింద గ్రావెల్ మెత్తబడదు, పైపుల వరుస కూడా సూటిగా వస్తుంది.

బరువు చేతులు మారే చోటే ఎక్కువ చూడండి

కాంక్రీట్ బరువు ప్లైవుడ్ మీద నుంచి చెక్క దూలానికి, దాని నుంచి ఉక్కు దూలానికి, అక్కడి నుంచి యూ-హెడ్‌కు (పైపు తల మీద దూలం కూర్చునే యూ ఆకారపు జాకీ), పైపుకు, బేస్ జాకీకి, స్లీపరుకు, నేలకు దిగుతుంది. ఈ దారిని వేలితో డ్రాయింగు మీద పైనుంచి కిందికి గీసుకుంటూ వెళ్ళండి. స్టేజింగ్ ప్రమాదాల్లో ఎక్కువ భాగం పైపు మధ్యలో కాకుండా, బరువు ఒక సామాను నుంచి ఇంకో సామానుకు మారే చోట మొదలవుతాయి.

1972 అక్టోబరు 24న ఇంగ్లండ్‌లోని రెడింగ్ పట్టణం దగ్గర, లోడన్ నది మీద వంతెనకు కాంక్రీట్ పోస్తుండగా స్టేజింగ్ కూలి ముగ్గురు మరణించారు. అక్కడ బలహీనత బయటపడింది ట్రెస్టిళ్ళ తల మీద బరువును పంచడానికి పేర్చిన దూలాల పొరలో. ఆ దుర్ఘటన తర్వాత స్టీఫెన్ బ్రాగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1975లో నివేదిక ఇచ్చింది. తాత్కాలిక పనులన్నిటికీ సైట్‌లో ఒక బాధ్యుడు పేరుతో సహా ఉండాలన్న పద్ధతి అక్కడి నుంచే బలపడింది. మీ సైట్‌లో కూడా అలాంటి ఒక మనిషిని నియమించుకోండి. కాంక్రీట్ పోయడానికి అనుమతి ఇచ్చేదీ, సపోర్టు తీయడానికి అనుమతి ఇచ్చేదీ అతనే కావాలి, ఆ రెండూ రాతపూర్వకంగానే ఉండాలి.

ఉక్కు దూలం మీద పెద్ద బరువు ఒక బిందువు దగ్గర దిగుతుంటే, ఆ చోట దూలం నడుము రేకు నలగకుండా రెండు వైపులా స్టిఫెనర్ ప్లేట్లు వెల్డ్ చేయించండి. యూ-హెడ్‌లో చెక్క దూలం ఒక చెంపకు ఆనుకుని ఉంటే బరువు పైపు నడిమధ్యన దిగదు, పైపు వంగడం అక్కడే మొదలవుతుంది. రెండు పక్కలా చెక్క వెడ్జీలు బిగించి దూలాన్ని సరిగ్గా మధ్యలోకి తేవాలి. యూ-హెడ్ మీద రెండు దూలాలు అతుకుతుంటే రెండూ పక్కపక్కనే ఒకదానిమీదికొకటి దాటి ఉండాలి, కొసకు కొస తాకించి వదలకూడదు.

పైపులు నిలబెట్టండి

మన దగ్గర ఎక్కువగా వాడేది కప్‌లాక్ రకం, అంటే నిలువు పైపుకున్న కప్పుల్లో అడ్డపైపుల కొసలు బిగించేది. 48.3 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పైపు ఎంత మోస్తుందనేది, అడ్డంగా పట్టే లెడ్జర్ల మధ్య దూరం మీదే ఆధారపడి ఉంటుంది. సిద్ధాంతరీత్యా 1.5 మీటర్లకొక లెడ్జర్ ఉంటే దాదాపు 10 టన్నుల దగ్గర వంగే పైపు, ఒక లెడ్జర్ వదిలేసి ఆ దూరాన్ని 3 మీటర్లు చేస్తే 2.5 టన్నులకే వంగుతుంది. పాత పైపులు వంకరగా, తుప్పుపట్టి ఉంటాయి, బరువు కచ్చితంగా నడిమధ్యన దిగదు. అందుచేత వాడుకోదగిన బరువు ఈ అంకెలకంటే చాలా తక్కువ. తయారీదారు పట్టికలో ఇచ్చిన బరువును తీసుకుని, పాత సామానుకు దాన్ని ఇంకా తగ్గించండి. నడవడానికి అడ్డమొస్తోందని పనివాళ్ళు కింది లెడ్జర్ తీసేయడం నిత్యం జరిగేదే. నడకకు వేరే దారి చూపించి, ఆ లెడ్జర్లకు ఎర్ర రంగు వేయించండి.

పైపులను సైట్‌లోకి దించిన రోజే వేరుచేయాలి. వంగినవి, నొక్కుకుపోయినవి, కప్పు పగిలినవి ఒడ్డునే ఆపేయండి. నిలువు పైపుల అతుకులన్నీ ఒకే ఎత్తులో రాకుండా, పక్కపక్క పైపుల్లో వేర్వేరు ఎత్తుల్లో వచ్చేలా పొడుగు పొట్టి పైపులు కలిపి నిలపండి. బేస్ జాకీ, యూ-హెడ్ జాకీల మర 30 సెంటీమీటర్లకు మించి బయటికి రాకూడదు. ఎత్తు చాలకపోతే ఇంకో పైపు ముక్క జోడించండి. ప్రతి పైపునూ రెండు దిక్కుల నుంచీ గుండు వేసి నిలువు చూడాలి.

ఇక పక్క బలం. మన ఉదాహరణలో స్పాన్‌కు 60 ఘనపు మీటర్ల కాంక్రీట్, అంటే దాదాపు 155 టన్నులు. నిలువు బరువులో కనీసం 2.5 శాతాన్ని అడ్డంగా తోసే బలంగా తీసుకోవాలన్న బ్రిటిష్ ప్రమాణం బి.ఎస్. 5975 నియమం ఇక్కడా పాటించదగినది. అంటే దాదాపు 4 టన్నులు. గాలి, పంపు లైను కుదుపు, నీటి తోపు ఇంతకంటే ఎక్కువైతే ఆ ఎక్కువ అంకెనే తీసుకోండి. దీన్ని లెడ్జర్లు ఒంటరిగా ఆపలేవు, అవి అన్నీ కలిసి ఒకవైపు వాలిపోతాయి. క్రాస్ బ్రేసింగ్ పైపులు అడుగు నుంచి తల దాకా, నిలువునా పొడుగునా, స్వివెల్ క్లాంపులతో బిగించాలి. అప్పటికే పూర్తయిన పియర్లు మీకు దొరికిన అన్నిటికంటే గట్టి ఆధారాలు. ప్రతి రెండు లిఫ్టులకు (లెడ్జర్ల అంతస్తులకు) ఒకసారి పియర్ చుట్టూ పైపు పట్టీ వేసి స్టేజింగ్‌ను దానికి కట్టేయండి.

పియర్ల మీదికి ఎక్కించిన గర్డర్లు కూడా, డయాఫ్రంలు (గర్డర్ల మధ్య అడ్డగోడలు) పోసి ఒకదానికొకటి కలిపేదాకా, తాత్కాలిక కట్టడాలే. 2024 ఏప్రిల్‌లో మానేరు మీద ఓడేడు, గర్మిళ్ళపల్లి మధ్య కడుతున్న వంతెన గర్డర్లు కొన్ని రాత్రివేళ ఈదురుగాలికి పడిపోయాయి. ఎండాకాలపు గాలివానను తేలిగ్గా తీసుకోకండి. ఎక్కించిన ప్రతి గర్డర్‌కూ అదే రోజు రెండు పక్కలా పక్క సపోర్టు కట్టి, పొరుగు గర్డర్‌తో ఉక్కు ఛానళ్ళతో కలపండి.

పియర్ పలకలు

పియర్ పలకల మీద పనిచేసేది పక్క ఒత్తిడి. కాంక్రీట్ తడిగా ఉన్నంతసేపూ నీటిలాగే తోస్తుంది. ప్రతి మీటరు లోతుకూ చదరపు మీటరు మీద 2.5 టన్నుల చొప్పున, 3 మీటర్ల లిఫ్ట్ (ఒక విడతలో పోసే ఎత్తు) ఒక్కసారిగా నింపితే అడుగున 7.5 టన్నులు. పంపు ఉంది కదా అని గబగబా నింపితే పలక ఉబ్బుతుంది, లేదా ఎదురెదురు పలకలను పట్టి ఉంచే అడుగు టై రాడ్ తెగుతుంది. గంటకు ఒక మీటరుకు మించి పైకి రాకుండా నడిపించి, టై రాడ్లను అడుగున దగ్గరగా, పైన ఎడంగా పెట్టండి. రాడ్ల చుట్టూ పి.వి.సి. గొట్టం తొడిగితే తర్వాత లాగేసి ఆ రంధ్రాలను కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపవచ్చు. నదిలో నిలిచే పియర్‌కు ఆ రంధ్రాలు వదిలేస్తే నీరు ఇనుము దాకా చేరుతుంది.

డెక్ సెంట్రింగ్, ఎత్తు మట్టాలు

బరువు పడ్డాక ప్రతి చెక్క అతుకూ ఒక మిల్లీమీటరు వరకూ నలుగుతుంది, దూలం కొంత వంగుతుంది, నేల కొంత దిగుతుంది. ఇవన్నీ కలిపి ఎంతో అంచనా వేసి, డ్రాయింగులో ఇచ్చిన కాంబర్‌కు (పైకి ఉంచే వంపుకు) దాన్ని జోడించి పలకల మట్టం అంత ఎత్తున పెట్టాలి. అంచనాను నమ్మకమైనదిగా చేసుకోవాలంటే మొదటి స్పాన్‌లో ఒక భాగాన్ని ఇసుక బస్తాలతో, పడబోయే బరువుకు సమానంగా, ఒక రోజు పూర్తిగా లోడ్ చేసి లెవెల్ మెషీన్‌తో చూడండి. బస్తాలు దించాక తిరిగి లేవని భాగం నేలా అతుకులూ తీసుకున్నది. లేచిన భాగం దూలాలు వంగింది. రెండో అంకె ప్రతి స్పాన్‌కూ మళ్ళీ వస్తుంది, మొదటిది నేలను బట్టి మారుతుంది.

పలకల సందులకు ఫోం టేపు అంటించండి; కాంక్రీట్ పాలు కారిపోయిన చోట గర్డర్ అడుగున తేనెతుట్టెలా బోలు పడుతుంది, ఇనుము ఎక్కువగా ఉండేదీ అక్కడే. షట్టరింగ్ ఆయిల్‌ను ఇనుము కట్టకముందే పలుచగా రాయాలి. గర్డర్ పెట్టె అడుగున బైండింగ్ వైరు ముక్కలు, రంపపుపొట్టు చేరతాయి కనుక, ఒక చివర చిన్న తలుపు లాంటి పలక ఉంచి, పోసే ముందు ఎయిర్ కంప్రెసర్‌తో ఊదించి దాన్ని మూసేయండి.

కాంక్రీట్ పోసే రోజు

ముందురోజు సాయంత్రం బాధ్యుడైన ఇంజినీరు, సెంట్రింగ్ మేస్త్రీ కలిసి కింది నుంచి పైకి నడుస్తూ ప్రతి బేస్ జాకీని చేత్తో కదిపి చూడాలి. వదులుగా తిరిగిన జాకీ అంటే ఆ పైపు ఏమీ మోయడం లేదని, దాని పక్క పైపు రెండింటి బరువూ మోయబోతోందని అర్థం. కప్పులన్నిటినీ సుత్తితో ఒకసారి బిగించాలి. ఇది ముగిశాకే అనుమతి కాగితం మీద సంతకం పడాలి.

మన ఎండలకు పగటిపూట 60 ఘనపు మీటర్లు పోయడం కష్టం, ఒక పొర గట్టిపడేలోగా తర్వాతి పొర పడదు. సాయంత్రం మొదలుపెట్టి రాత్రికి రాత్రి పూర్తిచేయండి. ఒకే స్పాన్ ఉన్న డెక్‌లో నడిమధ్య నుంచి రెండు చివరల వైపు సమానంగా నడవండి. స్టేజింగ్ ఎక్కువ దిగేది నడుమనే కనుక, చివర్లు గట్టిపడకముందే ఆ దిగడం అయిపోతుంది. గర్డర్లను 30, 40 సెంటీమీటర్ల పొరలుగా, మూడింటిలోనూ ఒకే ఎత్తులో తీసుకురండి. పంపు లైనును స్టేజింగ్‌కు కట్టవద్దు, దాని కుదుపు నేరుగా పైపులకు తగులుతుంది.

పలకల అడుగు నుంచి సన్నని కడ్డీలు వేలాడదీసి, నేలలో విడిగా పాతిన గుంజలకు స్కేలు అమర్చి, స్పాన్‌కు కనీసం మూడు చోట్ల దిగుబాటు కనిపించేలా చేయండి. ఒకతను టార్చితో, స్టేజింగ్ బయటే నిలబడి, అరగంటకొకసారి అంకెలు రాయాలి. ముందుగా రాసుకున్న హద్దు దాటితే పోయడం ఆపి కారణం చూడాలి. కాంక్రీట్ ఇంకా తడిగా ఉన్నప్పుడు జాకీ తిప్పి మట్టం సరిచేయవచ్చు, కానీ గట్టిపడటం మొదలయ్యాక పైకి తిప్పితే లోపల పగులు పడుతుంది. పోస్తున్నంతసేపూ స్టేజింగ్ కింద ఎవరూ ఉండకూడదు, నిద్రపోయే కూలీలు అసలే ఉండకూడదు.

నీరు వస్తే

పారే నీరు స్తంభాన్ని తోసే బలాన్ని ఐ.ఆర్.సి. 6 ప్రకారం, వేగం వర్గాన్ని 52తో, ఆకారాన్ని బట్టి ఇచ్చిన గుణకంతో గుణించి, చదరపు మీటరుకు కిలోల్లో లెక్కిస్తాం. సెకనుకు 2 మీటర్ల వేగంతో పారే నీరు గుండ్రటి పైపును చదరపు మీటరుకు 137 కిలోలతో తోస్తుంది. ఆ పైపుల మధ్య గుర్రపుడెక్క, కొమ్మలు, తుంగ చిక్కుకుని గోడలా తయారైతే, చదునైన ముఖానికి ఇచ్చిన గుణకంతో అది 312 కిలోలు అవుతుంది, తోపు తగిలే వైశాల్యం ఇంకెన్నో రెట్లు పెరుగుతుంది. స్టేజింగ్‌ను పడగొట్టేది ఎక్కువగా ఈ చెత్తే. అందుకే ఎగువన 20, 30 మీటర్ల దూరంలో గుంజలు పాతి అడ్డు వల కట్టి, చిక్కిన చెత్తను రోజూ తీయించండి. పియర్ మీద సెంటీమీటర్ల గీతలు గీసి నీటి మట్టం ఉదయం, సాయంత్రం రాయించండి.

నీరు పడక అంచును తాకితే మొదట మనుషులను ఒడ్డుకు పంపి, ఎగువ అంచున బస్తాలు పెంచండి. కాంక్రీట్ ఇంకా పోయని స్పాన్ అయితే పలకలు, చెక్కలు తీసేయడం తేలికైన నష్టం. పోసిన స్పాన్ అయితే స్టేజింగ్ జోలికి పోకుండా, పడక కోతకు గురైన చోట బండరాళ్ళు, బస్తాలు వేస్తూ కాపాడుకోవాలి. నీరు తగ్గాక కడ్డీతో నేలను మళ్ళీ గుచ్చి చూసి, ప్రతి జాకీ బిగింపు పరీక్షించేదాకా ఆ స్పాన్ మీద కొత్త బరువు ఏదీ పెట్టవద్దు.

సపోర్టులు తీయడం

పియర్లు, అబట్‌మెంట్ల (ఒడ్డున వంతెన కొసను మోసే గోడల) పక్క పలకలు ఇంజినీరు నిర్ణయాన్ని బట్టి 12 నుంచి 48 గంటల మధ్య తీయవచ్చు. స్లాబ్ అడుగు పలకలు, సపోర్టులు ఉంచి, 3 రోజులకు. గర్డర్ అడుగు పలకలు 7 రోజులకు. స్లాబ్ కింది సపోర్టులు 14 రోజులకు. గర్డర్ల కిందివి 21 రోజులకు. ఈ గడువులు మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు చెప్పినవి. ఫ్లైయాష్, స్లాగ్ కలిసిన సిమెంటు నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కనుక, వంతెన దగ్గరే అదే ఎండలో అదే నీటితో క్యూరింగ్ చేసిన క్యూబులను పగలగొట్టి చూశాకే నిర్ణయించండి.

తీసే వరుస పోసిన వరుస లాంటిదే: నడిమధ్య జాకీలు మొదట, తర్వాత చివరల వైపు. చివర్లు ముందు విప్పి నడుమ సపోర్టు ఉంచితే గర్డర్ నడుమ పైభాగం సాగుతుంది, అక్కడ దానికి తగిన ఇనుము ఉండదు. ఫుట్‌పాత్ కోసం బయటికి చాచిన స్లాబ్‌లో కొస నుంచి గర్డర్ వైపు రావాలి. ఏ జాకీనీ ఒక్కసారిగా దించకండి; వరుసంతా ఒక చుట్టు, మళ్ళీ మొదటి నుంచి ఇంకో చుట్టు, ఇలా రెండు మూడు విడతల్లో వదలండి.

గర్డర్లు ప్రీస్ట్రెస్ చేసేవైతే, అంటే లోపలి ఉక్కు కేబుళ్ళను లాగి బిగించేవైతే, ఇంకో సంగతి ఉంది. కేబుళ్ళు లాగగానే గర్డర్ నడుమ పైకి లేస్తుంది, అప్పటిదాకా పొడవునా పంచుకున్న బరువంతా రెండు చివరల సపోర్టుల మీదికి జరుగుతుంది. చివరి వరుస పైపులను, వాటి కింది నేలను ఆ బరువుకే లెక్కవేసి గట్టిగా కట్టి ఉంచాలి.

సామాను ఒడ్డుకు చేరాక నది పని ఇంకా మిగిలే ఉంటుంది. పి.సి.సి. పట్టీలు పగలగొట్టి ఎత్తించండి, గ్రావెల్ పడకను, మట్టికట్టను, దాని కింద నీరు పారడానికి వేసిన హ్యూమ్ పైపులు (పెద్ద సిమెంటు గొట్టాలు) ఉంటే వాటినీ పూర్తిగా తీయించి ఇసుకను పాత మట్టానికి చదును చేయించండి. సగం తీసి వదిలేసిన కట్ట వరద నీటినంతా మిగిలిన సందులోకి మళ్ళించి, ఆ సందులో నిలిచిన పియర్ పునాదినే కోస్తుంది. చివరి లారీ వెళ్ళాక ప్రతి పియర్ దగ్గరా నేల మట్టం లెవెల్ తీసి రికార్డులో రాసి ఉంచండి. వానాకాలం ముగిశాక కోత ఎంత పడిందో పోల్చి చూడటానికి ఆ అంకెలే ఆధారం.